డెర్బీ శనివారం, దాని చుట్టూ ఉన్న ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ దగ్గర పడుతుందంటే చాలు, స్నేహితులు, చుట్టాల పిల్లలు నన్ను ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీ అనే గుర్రాల రేసు, పారిస్‌లో టెన్నిస్ ఫైనళ్లు, అమెరికాలో బెల్మాంట్ స్టేక్స్ అనే ఇంకో గుర్రాల రేసు, మధ్యలో ఎక్కడో క్రికెట్, ఇంకెక్కడో ఫుట్‌బాల్. అన్నీ రెండు మూడు రోజుల్లోనే. ఏది చూడాలి, ఏది వదిలేయాలి? ఏటా ఫోన్లో విడివిడిగా చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. గుర్రాల గురించే ఎక్కువ రాశాను. టెన్నిస్ గురించి, క్రికెట్ గురించి తెలుగులో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. డెర్బీ గురించి చెప్పేవాళ్లే తక్కువ.

ఆ మూడు రోజుల్లో ఏమేం ఉంటాయి?

శుక్రవారం ఎప్సమ్‌లో ఓక్స్ జరుగుతుంది. ఇది మూడేళ్ల ఆడ గుర్రాలకు మాత్రమే. నాలుగేళ్లు, ఆపైన వయసున్న గుర్రాల కోసం కొరొనేషన్ కప్ ఉంటుంది. 2025లో అది కూడా శుక్రవారమే పెట్టారు. శనివారం డెర్బీ. మూడు రేసులదీ ఒకటే దారి, ఒకటే దూరం: మైలున్నర మీద ఇంకో 6 గజాలు, అంటే సుమారు 2,420 మీటర్లు.

చాలా ఏళ్లలో అదే శనివారం ఫ్రెంచ్ ఓపెన్ మహిళల ఫైనల్, ఆదివారం పురుషుల ఫైనల్ వస్తాయి. శనివారం సాయంత్రం న్యూయార్క్ రాష్ట్రంలో బెల్మాంట్ స్టేక్స్. క్యాలెండర్ ఒక వారం అటూ ఇటూ అయితే పక్కన వచ్చే ఆటలు మారతాయి. 2024లో డెర్బీ జూన్ 1న వచ్చింది. ఆ రాత్రే వెంబ్లీలో చాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్ 2-0తో డార్ట్‌మండ్‌ను ఓడించింది.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం 2022. జూన్ 4 శనివారం డెజర్ట్ క్రౌన్ అనే గుర్రం డెర్బీ గెలిచింది. అదే రోజు పారిస్‌లో ఇగా స్వియాటెక్ టైటిల్ కొట్టింది. లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద జో రూట్ 77 నాటౌట్‌గా ఉండగా ఆట ముగిసింది. మర్నాడు పొద్దున రూట్ సెంచరీ పూర్తి చేసి, టెస్టుల్లో 10,000 పరుగులు దాటి, మ్యాచ్ గెలిపించాడు. ఆ సాయంత్రం నడాల్ పద్నాలుగోసారి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. దేశమంతా ఎలిజబెత్ రాణి డెబ్బై ఏళ్ల పాలన వేడుకల్లో ఉంది. తొమ్మిదిసార్లు డెర్బీ గెలిచిన జాకీ లెస్టర్ పిగట్ అంతకు వారం ముందే కన్నుమూశాడు. ఆ ఏటి డెర్బీని ఆయన జ్ఞాపకార్థమే జరిపారు.

ఒక్కటే చూసే తీరిక ఉంటే ఏది చూడాలి?

డెర్బీ. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

డెర్బీలో మూడేళ్ల గుర్రాలే పరుగెత్తాలి. అంటే ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కసారే అవకాశం. ఆ రోజు జలుబు చేసినా, గేటు దగ్గర తడబడినా, మలుపులో దారి దొరక్కపోయినా అంతే, వచ్చే ఏడాది అన్నది లేదు. మిగతా ఆటలు ఇలా ఉండవు. 2025 జూన్ 8న పారిస్‌లో యానిక్ సినర్‌కు మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు చేతిలో ఉన్నాయి. మూడూ పోయాయి, కార్లోస్ అల్కరాజ్ చేతిలో మ్యాచ్ కూడా పోయింది. చూస్తున్న మనకే కడుపులో తిప్పింది. కానీ ఐదు వారాలు తిరిగేసరికి వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాజ్‌ను ఓడించి లెక్క సరిచేశాడు. డెర్బీలో ఓడిన గుర్రానికి ఆ లెక్క సరిచేసే వీలే లేదు.

పైగా రేసుకు పట్టేది రెండున్నర నిమిషాలు. ఎంత పనిలో ఉన్నా అంత సేపు దొరుకుతుంది.

మూడేళ్లు అని ఎలా లెక్కపెడతారు? అన్ని గుర్రాలూ ఒకే రోజు పుట్టవు కదా?

ఉత్తరార్ధగోళంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది. ఫిబ్రవరిలో పుట్టినదీ, మే నెలలో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు. అందుకే డెర్బీ నాటికి కొన్ని నిండుగా ఎదిగి కనిపిస్తాయి, కొన్నింటిలో ఇంకా పిల్లతనం పోదు.

ఆడ గుర్రాలు కూడా డెర్బీలో పరుగెత్తవచ్చు. ఇప్పటిదాకా ఆరు గెలిచాయి. చివరిది 1916లో ఫిఫినెల్లా. యుద్ధం వల్ల ఆ ఏడు రేసును న్యూమార్కెట్‌లో పెట్టారు. ఇప్పుడు మంచి ఆడ గుర్రాలు ఎక్కువగా ఓక్స్‌కే వెళ్తున్నాయి.

విత్తులు తీసిన మగ గుర్రాలకు మాత్రం డెర్బీలో ప్రవేశం లేదు. తర్వాతి తరాలకు తండ్రులు కాగల గుర్రాలను ఎంచే పరీక్షగా దీన్ని చూడటమే అందుకు కారణం. కలండగాన్ అనే ఫ్రాన్స్ గుర్రం సంగతి చూడండి. విత్తులు తీసింది కాబట్టి అది డెర్బీకి అర్హం కాదు. అదే దారిలో, అదే దూరం ఉండే కొరొనేషన్ కప్‌లో 2025లో రెండో స్థానంలో వచ్చింది. జూలైలో ఆస్కాట్‌లో కింగ్ జార్జ్ అనే పెద్ద రేసు గెలిచింది.

డెర్బీ అనాలా, డార్బీ అనాలా?

ఇంగ్లండ్‌లో డార్బీ అంటారు, అమెరికాలో డెర్బీ అంటారు. మన వాడుక డెర్బీ. అలాగే అనండి, తప్పేం లేదు.

పేరు పన్నెండో ఎర్ల్ ఆఫ్ డెర్బీ అనే ఇంగ్లిష్ ప్రభువు నుంచి వచ్చింది. ఆయనా, చార్లెస్ బన్‌బరీ అనే పెద్దమనిషీ నాణెం ఎగరేసి రేసుకు ఎవరి పేరు పెట్టాలో తేల్చుకున్నారని ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1780 మే 4న జరిగిన మొదటి డెర్బీని గెలిచింది బన్‌బరీ గుర్రం డయోమెడ్. ఓక్స్ అంతకంటే ఒక ఏడాది పెద్దది. ఎప్సమ్ దగ్గర డెర్బీ ప్రభువుకు ఓక్స్ అనే ఎస్టేట్ ఉండేది, ఆ పేరే రేసుకు పెట్టారు. 1779లో జరిగిన మొదటి ఓక్స్‌ను ఆయన సొంత గుర్రం బ్రిజెట్ గెలిచింది.

ఎప్సమ్ ట్రాక్ అంత కష్టం అంటారు, ఎందుకు?

టీవీలో చదునుగా కనిపిస్తుంది. అందుకే చాలామందికి ఇది అర్థం కాదు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కొండ దారి అని ఊహించుకోండి. గేటు తెరుచుకోగానే ఎక్కుడు మొదలవుతుంది. రేసులో దాదాపు సగం దూరం, సుమారు 40 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అక్కడ తొందరపడ్డ గుర్రానికి చివర్లో ఊపిరి మిగలదు.

పైకి చేరాక దారి దిగుడు పడుతుంది. దిగుతూనే ఎడమకు తిరగాలి. అదే టాటెన్‌హామ్ కార్నర్. గంటకు 60 కిలోమీటర్ల దాకా వేగంతో, చుట్టూ పదిహేను ఇరవై గుర్రాలు ఒరుసుకుంటూ ఉండగా, కిందికి దిగుతూ మలుపు తిరగడం. పెద్ద అంగలు వేసే గుర్రాలు ఇక్కడ తూకం తప్పుతాయి. కాళ్లు చకచకా సర్దుకునే గుర్రాలకు ఇది వరం.

మలుపు దాటాక నేరుగా గెలుపు గీత దాకా సుమారు నాలుగు ఫర్లాంగులు, అంటే 800 మీటర్లు. నేరు దారే అయినా నేల లోపలి కంచె వైపు వాలి ఉంటుంది. అలసిన గుర్రం తనకు తెలియకుండానే లోపలికి జరిగిపోతుంది. జాకీ ఒకవైపు దాన్ని పరుగెత్తిస్తూ, ఇంకోవైపు నిటారుగా పట్టుకోవాలి. ఆఖరి అడుగుల్లో మళ్లీ చిన్న ఎక్కుడు. వేగం, ఓపిక, తూకం, బుద్ధి, ఇవన్నీ ఒకే పరుగులో తేలిపోయే దారి నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఇలాంటి దారిలో 2010లో వర్క్‌ఫోర్స్ 2 నిమిషాల 31.33 సెకన్లలో వచ్చింది. డెర్బీ రికార్డు అదే. 1981లో షెర్గార్ పది లెంగ్త్‌ల తేడాతో, అంటే పది గుర్రాల పొడవంత దూరంతో గెలిచింది. అంత పెద్ద తేడాతో డెర్బీలో ఇంకే గుర్రమూ గెలవలేదు.

అంత చిన్న రేసులో ఏం చూడాలి? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

రేసు కంటే ఇరవై నిమిషాల ముందే టీవీ పెట్టండి. గుర్రాలను పాడాక్‌లో, అంటే రేసుకు ముందు జనానికి చూపించే ఆవరణలో తిప్పుతారు. చెవులు ముందుకు నిలబెట్టి తీరికగా నడిచే గుర్రం ఒకటి, మెడ మీద నురగ కట్టేలా చెమటలు కక్కే గుర్రం ఒకటి కనబడతాయి. రెండోది టెన్షన్‌లో తన శక్తి సగం అక్కడే ఖర్చు చేసుకుంటోంది. ఇది కనిపెట్టడానికి ఏ అనుభవమూ అక్కర్లేదు.

జాకీ చొక్కా రంగులు యజమానివి. ఒకే యజమానికి రెండు మూడు గుర్రాలుంటే టోపీ రంగు మారుస్తారు. జీను కింద గుడ్డ మీద ఉన్న నంబరూ, గేటు నంబరూ వేరువేరు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక గుర్రాన్ని ఎంచుకుని, దాని చొక్కా, టోపీ రంగులు గుర్తు పెట్టుకుని, దాన్నొక్కదాన్నే చూడండి. మొత్తం రేసు రెండోసారి రిప్లేలో చూడొచ్చు.

2025 రేసు నేర్చుకోవడానికి బాగుంటుంది. ఫేవరిట్ డెలాక్రా మీద రయన్ మూర్ ఉన్నాడు. అందరి కళ్లూ దాని మీదే. వేన్ లార్డన్ మాత్రం లాంబోర్న్‌ను మొదట్లోనే ముందుకు తీసుకెళ్లి, వేగం తన చేతిలో పెట్టుకున్నాడు. మలుపు దిగి నేరు దారిలోకి వచ్చాక వెనక గుర్రాలు అందుకోవడానికి తంటాలు పడుతుంటే లాంబోర్న్ ఇంకా దూరం జరిగింది. మూడు ముప్పావు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. డెలాక్రా తొమ్మిదో స్థానంలో వచ్చింది. లాంబోర్న్ తండ్రి ఆస్ట్రేలియా 2014లో, తాత గెలిలియో 2001లో ఇదే రేసు గెలిచాయి. ముగ్గురికీ ట్రైనర్ ఒకడే, ఐర్లండ్‌కు చెందిన ఎయిడన్ ఒబ్రయన్. లాంబోర్న్‌తో ఆయనకు పదకొండు డెర్బీలు. ఆ వరసలో ఆయన దరిదాపుల్లో ఇంకో ట్రైనర్ లేడు.

ఫర్లాంగు, లెంగ్త్, స్టోన్ అంటే?

ఫర్లాంగు మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన మాటే. మైలులో ఎనిమిదో వంతు, 201 మీటర్లు. లెంగ్త్ అంటే ముక్కు నుంచి తోక మొదలు దాకా గుర్రం పొడవు, సుమారు రెండున్నర మీటర్లు. స్టోన్ 14 పౌన్లు. డెర్బీలో ప్రతి గుర్రమూ జాకీ, జీనుతో కలిపి 9 స్టోన్ 2 పౌన్లు, అంటే సుమారు 58 కిలోలు మోయాలి. ఆడ గుర్రాలకు 3 పౌన్లు తగ్గిస్తారు.

తెర మీద 13/2 అని వేస్తారు. అదేంటి?

2 పెడితే 13 లాభం, పెట్టిన 2 కూడా వెనక్కి వస్తాయని. లాంబోర్న్ రేటు ఇదే. మొదటి అంకె రెండోదానికి ఎన్ని రెట్లు ఎక్కువైతే ఆ గుర్రం గెలుస్తుందన్న నమ్మకం జనంలో తక్కువని అర్థం. ఆ ఏడాది రెండో స్థానంలో వచ్చిన లేజీ గ్రిఫ్ రేటు 50/1.

పందెం కాయమంటారా అని కూడా అడుగుతారు. నేను కాయను, ఎవరికీ చెప్పను. గుర్రాల మీద డబ్బు పోగొట్టుకుని ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను దగ్గరగా చూశాను. ఆ అంకెలు చదవడం మాత్రం నేర్చుకోండి. ఎవరి మీద ఎంత ఆశ ఉందో అవి చెబుతాయి. ఆశ తలకిందులైనప్పుడు ఎందుకంత కేకలు వేస్తారో అప్పుడు అర్థమవుతుంది.

మన టైము ప్రకారం ఎప్పుడు?

ఎండాకాలంలో బ్రిటన్ గడియారానికి నాలుగున్నర గంటలు, పారిస్‌కు మూడున్నర, న్యూయార్క్‌కు తొమ్మిదిన్నర కలపండి. పారిస్ ఫైనళ్లు అక్కడి మధ్యాహ్నం 3కి అయితే మనకు సాయంత్రం ఆరున్నర. బెల్మాంట్ అక్కడ శనివారం సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో అయితే మనకు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర.

డెర్బీ టైమును మాత్రం ఏ ఏటికి ఆ ఏడు తప్పకుండా చూసుకోండి. 2022లో అక్కడి నాలుగున్నరకు, మనకు రాత్రి 9కి జరిగింది. మరుసటి ఏడు కూడా అంతే అనుకుని 9కి టీవీ ముందు కూర్చున్నాను. రేసు సాయంత్రం 6కే అయిపోయింది. ఆ రోజు మాంచెస్టర్ జట్లు రెండూ ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడుతున్నాయని డెర్బీని మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జరిపారు. ఆగస్ట్ రోడాన్ గెలుపును నేను రిప్లేలోనే చూశాను. ఏడాదంతా ఎదురుచూసింది ఫలితం తెలిశాక చూస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

బెల్మాంట్‌కూ డెర్బీకీ ఏమైనా సంబంధం ఉందా?

నియమాల పరంగా లేదు. బెల్మాంట్ 1867లో మొదలైంది, ట్రిపుల్ క్రౌన్ అని పిలిచే అమెరికా మూడు పెద్ద రేసుల్లో మూడోది. ఎప్సమ్‌లో పచ్చిక మీద పరుగు, అక్కడ మట్టి మీద. మామూలుగా దూరం మైలున్నర. బెల్మాంట్ పార్కును తిరగకట్టడం వల్ల 2024, 2025ల్లో సరటోగాలో మైలుంపావుకు తగ్గించి పెట్టారు. 2025లో సావరిన్టీ గెలిచింది. 1973లో సెక్రటేరియట్ 31 లెంగ్త్‌ల తేడాతో 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచిన బెల్మాంట్ వీడియో ఎప్పుడైనా చూడండి. వెనక రెండో గుర్రం కెమెరాలోకే రాదు.

సంబంధం రక్తంలో ఉంది. మొదటి డెర్బీ గెలిచిన డయోమెడ్‌ను ముసలితనంలో, 1798లో, అమెరికాకు అమ్మేశారు. అక్కడి మేలు జాతి గుర్రాల వంశాల్లో దాని పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ప్రయాణం ఎదురు దిశలో సాగుతోంది. 2018లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచిన జస్టిఫై కొడుకే 2024 డెర్బీ గెలిచిన సిటీ ఆఫ్ ట్రాయ్.

భారతదేశం వాళ్ల గుర్రం ఎప్పుడైనా డెర్బీ గెలిచిందా?

గెలిచింది. 1934లో విండ్సర్ ల్యాడ్. యజమాని గుజరాత్‌లోని రాజ్‌పిప్లా సంస్థానం మహారాజా విజయ్‌సింహ్‌జీ. కరాచీలో పుట్టిన ఇస్మాయిలీ ముస్లింల మత గురువు మూడో ఆగా ఖాన్ గుర్రాలు ఐదుసార్లు గెలిచాయి. వాటిలో 1935 నాటి బహ్రామ్ ఆడిన ఏ రేసులోనూ ఓడలేదు.

బ్రిటన్ రాజకుటుంబానికి కూడా అంత సులువుగా దక్కలేదు. సింహాసనం మీద ఉండగా గెలిచిన రాజు ఒక్కడే, 1909లో ఏడో ఎడ్వర్డ్, గుర్రం మినోరు. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగిన నాలుగు రోజులకు, 1953 జూన్ 6న, ఆమె గుర్రం ఆరియోల్ రెండో స్థానంలో వచ్చింది. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు రాణిగా ఉన్నా డెర్బీ ఆమెకు అందలేదు.

రాజు గుర్రం కింద ఒకావిడ చనిపోయిందని విన్నాను. నిజమేనా?

నిజమే. 1913 జూన్ 4. ఆడవాళ్లకు ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఎమిలీ డేవిసన్ టాటెన్‌హామ్ కార్నర్ దగ్గర కంచె దాటి దారిలోకి వచ్చింది. రాజు గుర్రం యాన్మర్ గుద్దుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. ఆ దృశ్యం సినిమా కెమెరాలకు చిక్కింది. నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేకపోయాను. ఆ మలుపును టీవీలో చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

గుర్రాలను కొడుతూ పరుగెత్తించడం హింస కాదా?

అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్‌లో 2023 నుంచి ఇలాంటి రేసుల్లో జాకీ కొరడాను ఆరుసార్లకు మించి వాడకూడదు. అంతకంటే నాలుగు దెబ్బలు ఎక్కువైతే గెలిచిన గుర్రాన్ని కూడా పోటీ నుంచి తీసేస్తారు. కొరడాకు మెత్తటి పొర ఉంటుంది. అయినా గుర్రాలు గాయపడతాయి. కాలు విరిగితే చాలాసార్లు బతికించలేరు. ఇది నన్ను బాధపెట్టే సంగతి, దాచి రాయడం నాకు ఇష్టం లేదు. కొరడా అసలు లేని రేసులు రావాలని నేను కోరుకుంటున్నాను.

లండన్‌లో ఉంటే వెళ్లొచ్చా?

తప్పకుండా వెళ్లండి. టాటెన్‌హామ్ కార్నర్ పేరుతోనే రైల్వే స్టేషను ఉంది, దిగితే నడక దూరం. ట్రాక్ మధ్యలో ఉన్న గుట్టను హిల్ అంటారు. అక్కడ సంతలా ఉంటుంది, పిల్లలతో కుటుంబాలు వస్తాయి. సూటు, టోపీ అక్కర్లేదు.

డెర్బీ తప్పిపోతే ఆ ఏడాది ఇక చూడటానికేమీ ఉండదా?

ఉంటుంది. జూన్ చివర్లో ఐర్లండ్‌లోని కరాలో ఐరిష్ డెర్బీ. 2025లో దాన్ని కూడా లాంబోర్నే గెలిచింది. జూలై మొదటి శనివారం శాండౌన్‌లో ఎక్లిప్స్ స్టేక్స్. ఇందులో మూడేళ్ల గుర్రాలు తమకంటే పెద్దవాటితో తలపడతాయి.

2025 జూలై 5 నాటి ఎక్లిప్స్‌కు ఎప్సమ్‌లో తొమ్మిదో స్థానంలో వచ్చిన డెలాక్రా మళ్లీ వచ్చింది. అదే రోజు ఎడ్జ్‌బాస్టన్‌లో శుభ్‌మన్ గిల్ బ్యాటింగ్. మొదటి ఇన్నింగ్స్‌లో 269 కొట్టినవాడు రెండో ఇన్నింగ్స్‌లో 161 కొట్టాడు. అంతకు ముందురోజే మన సిరాజ్ ఆరు వికెట్లతో ఇంగ్లండ్ ఇన్నింగ్స్ ముగించాడు. వింబుల్డన్ సగంలో ఉంది, టూర్ డి ఫ్రాన్స్ సైకిళ్లు లీల్‌లో బయల్దేరాయి, సిల్వర్‌స్టన్‌లో మర్నాటి రేసు కోసం కార్లు సిద్ధమవుతున్నాయి. శాండౌన్‌లో నేరు దారిలోకి వచ్చేసరికి డెలాక్రా చాలా వెనక ఉంది, దారి మూసుకుపోయింది. రయన్ మూర్ దాన్ని పక్కకు లాగి వదిలాడు. ఆఖరి అడుగుల్లో ఆంబడ్స్‌మన్‌ను మెడ తేడాతో దాటింది. మర్నాడు భారత్ 336 పరుగుల తేడాతో గెలిచింది. ఎడ్జ్‌బాస్టన్‌లో టెస్టు గెలవడం మనకు అదే మొదటిసారి.